ష్రీవ్‌పోర్ట్‌లో ఆఖరి ఆట: చిన్న బౌల్ గేమ్, అభిమాని మనసు
(డాలస్ ప్రాంత తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సెలవు రోజు మధ్యాహ్నం పనులు మానుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

ఇవాళ నేను కాలేజీ ఫుట్‌బాల్, అంటే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మాట్లాడతాను. జాతీయ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్ సంగతులు మీ ఇళ్ళల్లో పిల్లలే మీకు చెబుతారు, వాటి జోలికి నేను పోను. డిసెంబరు సెలవుల్లో టీవీ పెడితే ఏదో ఊళ్ళో ఏవో రెండు కాలేజీలు ఆడుతూ కనిపిస్తాయి. స్టేడియంలో సగం సీట్లు ఖాళీగా ఉంటాయి. ఆ ఆట మీదికి మనసు పోకముందే మనం ఛానల్ మార్చేస్తాం. నా మాటలు ఆ ఆట గురించే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ ఆటకి వెళ్ళే అభిమానుల గురించి. "వాళ్ళతోనా మా ఆట?" అని మొహం ముడుచుకుంటూనే టికెట్ కొని, ఐదారు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళేవాళ్ళ గురించి.

ముందు ఈ బౌల్స్ లెక్క చెప్పుకుందాం. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. కాలేజీ ఫుట్‌బాల్ పై డివిజన్‌లో 2024లో 134 జట్లున్నాయి. ఒక్కో జట్టు ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా మామూలుగా పన్నెండు ఆటలు ఆడుతుంది. ఆరు గెలిస్తే బౌల్‌కి అర్హత వస్తుంది. సీజన్ అయిపోయాక, వేరే ఊళ్ళో, మామూలుగా ఎదురుపడని జట్టుతో ఆడే ఒక్క ఆట, అదీ బౌల్. గెలిచినా పై రౌండ్ ఉండదు. ఒక ట్రోఫీ చేతికిస్తారు, అంతటితో ఆ ఏడాది అయిపోతుంది.

ఇది మొదలైంది 1902 జనవరి 1న, కాలిఫోర్నియాలోని పాసడీనాలో. అక్కడ కొత్త సంవత్సరం నాడు పూల రథాల ఊరేగింపు జరుగుతుంది. ఆ పండగకి జనాన్ని రప్పించాలని మిచిగన్, స్టాన్‌ఫర్డ్ జట్ల మధ్య ఆట పెట్టారు. మిచిగన్ 49–0తో గెలిచింది. ఆట మరీ ఏకపక్షంగా సాగేసరికి ఆ పండగలో మళ్ళీ 1916 దాకా ఫుట్‌బాల్ పెట్టలేదు. 1930లలో మయామీలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లియన్స్‌లో షుగర్ బౌల్, ఎల్ పాసోలో సన్ బౌల్, మన డాలస్‌లో కాటన్ బౌల్ పుట్టుకొచ్చాయి. అందరి ఆలోచనా ఒకటే, చలికాలంలో ఊరికి నాలుగు డబ్బులు రావాలని. ఇప్పుడు నలభైకి పైగా బౌల్స్ ఉన్నాయి. వాటిలో చాలావాటిని నిలబెడుతున్నది టీవీయే. క్రీడల ఛానల్ ఈఎస్‌పీఎన్ సొంతంగా నడిపే బౌల్సే పదికి పైగా ఉన్నాయి. వారం మధ్యలో మధ్యాహ్నం పూట పెట్టినా చూసేవాళ్ళుంటారని వాళ్ళకి తెలుసు.

అభిమానికి ఇందులో ఏముందని అడగొచ్చు. ఐపీఎల్‌లో ప్లేఆఫ్ ఆశలు వదులుకున్నాక, చివరి లీగ్ మ్యాచ్‌కి ఉప్పల్ స్టేడియానికి వెళ్ళే సన్‌రైజర్స్ అభిమానిని ఒక్కసారి తలుచుకోండి. కప్పు రాదని తెలుసు. అయినా నారింజ రంగు జెర్సీ వేసుకునే వెళతాడు. అయితే అక్కడ ఆ ఆటగాడు వచ్చే ఏడాదీ ఎక్కడో ఒకచోట ఆడతాడు. కాలేజీలో నాలుగో ఏడు చదివే కుర్రాళ్ళలో ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ దాకా పోయేది చాలా కొద్దిమంది. మిగతావాళ్ళు ఒంటి మీద ఆ జెర్సీ వేసుకుని మైదానంలోకి దిగేది అదే ఆఖరిసారి. తల్లిదండ్రులు చూసేదీ ఆఖరిసారే. బౌల్ విలువ లెక్కగట్టేటప్పుడు చాలామంది దీన్ని మరిచిపోతారు.

ఇక ఒక ఊరి సంగతి చెబుతాను. ఇక్కడి నుంచి ఐ–20 పట్టుకుని తూర్పుకి మూడు గంటలు పోతే ష్రీవ్‌పోర్ట్ వస్తుంది. లూసియానా రాష్ట్రం, రెడ్ రివర్ ఒడ్డు, అవతలి ఒడ్డున బోసియర్ సిటీ. ఇక్కడ ఇండిపెండెన్స్ బౌల్ ఆడతారు. 1976లో మొదలైంది. అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్ళు నిండిన సంవత్సరం కాబట్టి ఆ పేరు పెట్టారు. మొదటి ఆటలో మెక్‌నీస్ స్టేట్ జట్టు టల్సా మీద 20–16తో గెలిచింది. 1990లలో గడ్డి కోసే యంత్రాల కంపెనీ స్పాన్సర్‌గా రావడంతో 'వీడ్ ఈటర్ ఇండిపెండెన్స్ బౌల్' అని పిలిచేవాళ్ళు. చిన్న బౌల్స్‌ని తీసిపారేసి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ ఆ పేరే ఎత్తుతారు.

కానీ అదే ష్రీవ్‌పోర్ట్‌లో 2000 డిసెంబరు 31న జరిగిన ఆట చూడండి. టెక్సస్ ఏ అండ్ ఎమ్, మిసిసిపీ స్టేట్. రెండు జట్లకీ ఆ ఏడు ఏడేసి విజయాలు, నాలుగేసి ఓటములు. పెద్ద బౌల్ రాలేదని రెండు పక్కల అభిమానులకీ మనసులో వెలితే. దానికి తోడు మిసిసిపీ స్టేట్ కోచ్ జాకీ షెరిల్ అంతకు ముందు ఏ అండ్ ఎమ్‌కి కోచ్‌గా చేసినవాడు, పాత లెక్కలు ఉండనే ఉన్నాయి. ఆట రోజున మంచు కురిసింది. ష్రీవ్‌పోర్ట్‌లో మంచు ఎప్పుడో గాని కురవదు. ఆ రోజు మాత్రం మైదానం తెల్లబడిపోయింది, గీతలు మంచు కింద పోయాయి, కెమెరాకి ఆటగాళ్ళు సరిగా ఆనలేదు. ఆ మంచులోనే ఏ అండ్ ఎమ్ ఫుల్‌బ్యాక్ జమార్ టూంబ్స్ బంతి పొట్టకి కరుచుకుని అడ్డొచ్చినవాళ్ళని గుద్దుకుంటూ 193 గజాలు పరిగెత్తాడు. సమయం ముగిసేసరికి స్కోరు 35–35.

ఓవర్‌టైమ్‌లో ఏ అండ్ ఎమ్ ముందు టచ్‌డౌన్ చేసింది, అంటే బంతిని ప్రత్యర్థి వైపు కొసకి చేర్చి ఆరు పాయింట్లు తెచ్చుకుంది. 41–35. ఇక టచ్‌డౌన్ తరవాత ఇంకో పాయింట్ కోసం కొట్టే ఎక్స్‌ట్రా పాయింట్ కిక్కు. మామూలుగా దాన్ని ఎవరూ ఊపిరి బిగబట్టి చూడరు. ఆ కిక్కుని మిసిసిపీ స్టేట్ లైన్‌మన్ చేత్తో ఆపేశాడు. బంతి దొరికినవాడు అటువైపు పరుగు తీశాడు, పట్టుబడబోతూ పక్కవాడికి అందించాడు, ఆ పక్కవాడు మైదానం అవతలి కొస దాకా పోయాడు. రెండు పాయింట్లు. 41–37. తరవాత బంతి మిసిసిపీ స్టేట్‌కి వచ్చింది, జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ వేన్ మ్యాడ్కిన్ తానే పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 43–41, ఆట ముగిసింది. దాన్ని జనం 'స్నో బౌల్' అంటారు. ఆ ఏడాది ఆడిన చాలా పెద్ద బౌల్స్ స్కోర్లు ఇవాళ ఎవరికీ గుర్తులేవు. ఈ ఆటని మాత్రం ఓడిన ఏ అండ్ ఎమ్ వాళ్ళు కూడా మరిచిపోలేదు. ఆటకి ముందు ఈ జోడీ మీద ఎవరికీ పెద్ద ఆశ లేదు. ఆడినవాళ్ళు మాత్రం ప్రాణం పెట్టి ఆడారు.

ఇప్పుడు 2024 డిసెంబరుకి వద్దాం. అదే ఇండిపెండెన్స్ బౌల్. మొదట ప్రకటించిన జోడీ ఆర్మీ, మార్షల్. చిన్న బౌల్‌కి ఇంతకన్నా మంచి జోడీ కుదరడం కష్టం.

ఆర్మీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం. 1890 నుంచి ఫుట్‌బాల్ ఆడుతున్నారు. 2024లో అమెరికన్ కాన్ఫరెన్స్ అనే జట్ల కూటమిలో చేరి, చేరిన ఏడే టులేన్‌ని 35–14తో ఓడించి ఛాంపియన్లయ్యారు. వాళ్ళ చరిత్రలో అదే మొదటి కాన్ఫరెన్స్ టైటిల్. క్వార్టర్‌బ్యాక్ బ్రైసన్ డేలీ మన టెక్సస్ కుర్రాడే, లబ్బక్ దగ్గర అబర్నతీ అనే చిన్న ఊరు. ఆర్మీ ఆట తీరు వేరు. బంతి విసరడం తక్కువ, పరుగే ఎక్కువ. డేలీ మధ్యలోంచి దూసుకుపోయి మూడు గజాలు, మళ్ళీ నాలుగు గజాలు, మళ్ళీ మూడు. నాలుగో డౌన్, అంటే పది గజాలు పూర్తిచేయడానికి ఆఖరి ప్రయత్నం వచ్చినా కిక్కు కొట్టకుండా మళ్ళీ అదే పరుగు. ఒక్కో డ్రైవ్, అంటే బంతి తమ చేతిలో ఉన్నంతసేపు సాగే దాడి, గడియారాన్ని మింగేస్తుంది. ప్రత్యర్థి జట్టు క్వార్టర్‌బ్యాక్ పక్కన బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తూ ఉంటాడు. చూడ్డానికి మోటుగా ఉంటుంది. కానీ అలవాటైతే అంత క్రమశిక్షణ ఉన్న ఆట ఇంకోటి లేదనిపిస్తుంది.

మార్షల్ వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్ అనే ఊళ్ళో ఉన్న విశ్వవిద్యాలయం. ఆ ఊరికీ ఫుట్‌బాల్‌కీ ఉన్న బంధం తెలియాలంటే 1970 నవంబరు 14 గురించి తెలియాలి. ఈస్ట్ కరోలినా మీద 17–14తో ఓడి తిరిగి వస్తున్న జట్టు విమానం ఊరి దగ్గరే కూలిపోయింది. 75 మంది పోయారు. ఆటగాళ్ళు, కోచ్‌లు, వెంట వెళ్ళిన ఊరి పెద్దలు, విమాన సిబ్బంది. తల్లినీ తండ్రినీ ఒకేసారి పోగొట్టుకున్న పిల్లలున్నారు ఆ ఊళ్ళో. క్యాంపస్‌లో వాళ్ళ పేరిట ఒక ఫౌంటెన్ ఉంది. ప్రతి ఏటా నవంబరు 14న అందరూ దాని చుట్టూ చేరతారు, నీళ్ళు ఆపేస్తారు, మళ్ళీ వసంతం వచ్చేదాకా తిప్పరు. అక్కడ ఫుట్‌బాల్ జట్టు ఉండటమే, ఏటా మైదానంలోకి దిగటమే ఒక మాట నిలబెట్టుకోవడం.

ఆ మార్షల్ 2024 డిసెంబరు 7న లూసియానా జట్టుని 31–3తో ఓడించి తమ కాన్ఫరెన్స్ సన్ బెల్ట్‌కి ఛాంపియన్ అయింది. పది విజయాలు. ఊరంతా సంబరం. మర్నాడే కోచ్ చార్ల్స్ హఫ్ సదరన్ మిసిసిపీ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోతున్నాడని వార్త. ఆ మరుసటి రోజు, అంటే డిసెంబరు 9న, ఆటగాళ్ళు కాలేజీ మారడానికి వీలిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచారు. జట్టులోంచి ఒకరి తరవాత ఒకరు పాతికమందికి పైగా పేర్లు ఇచ్చేశారు. ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లూ అందులో ఉన్నారు. డిసెంబరు 14న విశ్వవిద్యాలయం ప్రకటించింది: వైద్యపరంగా సురక్షితంగా ఆడించడానికి సరిపడా మంది లేరు, బౌల్ నుంచి తప్పుకుంటున్నాం అని. టైటిల్ గెలిచి సరిగ్గా వారం.

ఆ వారం రోజులూ మార్షల్ అభిమానుల మాటలు చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. కోచ్ మీద కోపం. కాంట్రాక్టు చివరి ఏడాదికి వచ్చేదాకా నాన్చారని విశ్వవిద్యాలయం మీద కోపం. కుర్రాళ్ళ మీద మాత్రం కోపం నిలవలేదు, ఎందుకంటే వారం కింద వాళ్ళే కప్పు తెచ్చిపెట్టారు. ష్రీవ్‌పోర్ట్‌లో హోటల్ గదులు తీసుకున్నవాళ్ళకి డబ్బు పోయింది. అసలు బాధ వేరే. ఆ సీజన్‌కి ముగింపు లేకుండా పోయింది. చిన్న బౌల్ అని ఎవరెంత తక్కువ చేసి మాట్లాడినా, అది చేజారిన రోజున దాని విలువ వాళ్ళకి తెలిసింది.

ఆర్మీ వాళ్ళకి ఆ డిసెంబరు 14 ఇంకో రకంగా చేదు. ఆ రోజే నౌకాదళ విద్యాలయం జట్టు నేవీ చేతిలో 31–13తో ఓడిపోయారు. ఆర్మీ, నేవీ ఆట అంటే వాళ్ళకి ఏడాదంతా ఒక ఎత్తు, అది ఒక్కటీ ఒక ఎత్తు. ఆ ఓటమి బాధలో ఉండగానే బౌల్‌లో ప్రత్యర్థి ఎగిరిపోయాడని తెలిసింది. ఛాంపియన్లు ఛాంపియన్లతో ఆడాల్సిన ఆట. దాని స్థానంలో వచ్చింది ఐదు గెలిచి ఏడు ఓడిన లూసియానా టెక్.

ఐదు గెలిచిన జట్టు బౌల్‌కి ఎలా వచ్చింది? ఆరు విజయాల జట్లు సరిపోనప్పుడు, ఐదు గెలిచినవాళ్ళలో విద్యార్థుల చదువు ఎంత సక్రమంగా సాగుతోందో చూపే ఏపీఆర్ అనే లెక్క ప్రకారం పిలుస్తారు. 2015లోనూ ఇలాగే మూడు జట్లు వచ్చాయి: నెబ్రాస్కా, మినెసోటా, శాన్ హొసే స్టేట్. నెబ్రాస్కా లాంటి ఘనచరిత్ర ఉన్న జట్టుకి ఐదు విజయాలతో బౌల్‌కి పోవడం తలవంపులని కొందరు అభిమానులు గట్టిగానే అన్నారు. వెళ్ళి యూసీఎల్ఏ మీద 37–29తో గెలిచి వచ్చారు. మిగతా రెండు జట్లూ గెలిచాయి. వెళ్ళొద్దన్నవాళ్ళు కూడా ఆ రాత్రి టీవీ ముందునుంచి లేచి ఉండరని నేను గట్టిగా నమ్ముతాను.

లూసియానా టెక్ సంగతి ఇంకా లోతైంది. ఆ విశ్వవిద్యాలయం ఉన్న రస్టన్ ష్రీవ్‌పోర్ట్ నుంచి గంట ప్రయాణం. 2012లో ఈ టెక్ జట్టు తొమ్మిది ఆటలు గెలిచింది. దేశంలో ఆటకి సగటున అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసిన జట్టు అదే. పక్క ఊరి ఇండిపెండెన్స్ బౌల్ పిలిచింది. ఇంతకన్నా మంచి బౌల్ దొరుకుతుందేమోనని టెక్ పెద్దలు కొంచెం ఆగమన్నారు. బౌల్ వాళ్ళు ఆగలేదు, ఒహాయోని పిలుచుకున్నారు. చివరికి టెక్‌కి ఏ బౌలూ దక్కలేదు. తొమ్మిది విజయాలతో ఇంట్లో కూర్చున్నారు, కోచ్ కూడా వేరే చోటికి వెళ్ళిపోయాడు. ఆ ఏడు నాలుగో సంవత్సరంలో ఉన్న కుర్రాళ్ళకి ఇంకో ఆట ఆడే రాత లేకపోయింది. 2019లో అదే ష్రీవ్‌పోర్ట్‌లో మయామీని 14–0తో ఓడించాక గాని ఆ గాయం కొంచెం మానలేదు.

అలాంటి జట్టుకి 2024లో ఐదు విజయాలతో, రెండు వారాల ముందు పిలుపు వచ్చింది. అభిమానులు రెండుగా చీలిపోయారు. అర్హత లేని చోటికి పోవడం ఏమిటి, ఆర్మీ చేతిలో దెబ్బలు తినడానికా అని ఒక పక్క. గంట ప్రయాణం, మన కుర్రాళ్ళు ఇంకో ఆట ఆడతారు, 2012లో చేసిన పని మళ్ళీ చేద్దామా అని ఇంకో పక్క. నా దృష్టిలో రెండో పక్కవాళ్ళదే న్యాయం. పైగా బౌల్‌కి వెళ్ళే జట్టుకి పదిహేను దాకా అదనపు ప్రాక్టీసులు దొరుకుతాయి. మొదటి ఏడు కుర్రాళ్ళు, రోజూ బెంచీ మీద ఉండేవాళ్ళు, కోచ్ కళ్ళలో పడేది అప్పుడే. కానీ మొదటి పక్కవాళ్ళ మాటని కొట్టిపారేయను. తమ జట్టు తలెత్తుకుని మైదానంలోకి రావాలని కోరుకోవడం కూడా ప్రేమే.

డిసెంబరు 28 శనివారం ఆట జరిగింది. ఆర్మీ 27, టెక్ 6. డేలీ మూడు టచ్‌డౌన్లు చేశాడు, సీజన్ మొత్తం మీద అతని పరుగు టచ్‌డౌన్లు 32 అయ్యాయి. ఆర్మీకి అది పన్నెండో విజయం. ఆ విద్యాలయం ఎన్నడూ ఒక్క సీజన్‌లో అన్ని గెలవలేదు, అంతకు ముందు రికార్డు 2018లో పదకొండు. ఐదు గెలిచిన జట్టు మీద వచ్చిన విజయమే కదా అని ఎవరైనా అనొచ్చు. ఆర్మీ నాలుగో ఏడు కుర్రాళ్ళు కొద్ది నెలల్లో సైన్యంలో అధికారులుగా చేరిపోయేవాళ్ళు. వాళ్ళ ముందు నిలబడి ఆ పన్నెండో విజయం చిన్నదని నేను అనలేను.

ఒక్క మాట గమనించండి. ఆ ఏడాది పోర్టల్ డిసెంబరు 9న తెరుచుకుని 28న మూసుకుంది. అంటే ఇండిపెండెన్స్ బౌల్ ఆడిన రోజే దాని ఆఖరి రోజు. సీజన్ ముగియకముందే జట్టు విడిచిపోవడానికి తలుపు తెరిచి పెట్టారు. కుర్రాడి పక్కనుంచి చూడండి, ఆగితే కొత్త కాలేజీలో చోటు నిండిపోతుంది. 2021 జులై నుంచి పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకునే హక్కు కూడా వచ్చింది, అంటే ఆగితే నష్టం డబ్బులో కూడా. ఇరవై ఏళ్ళ కుర్రాడిని అలాంటి చోట నిలబెట్టి, నీకు విశ్వాసం లేదని నిందించడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

బౌల్ మానుకోవడం అంతకు ముందే మొదలైంది. 2016 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో నోట్రడామ్ ఆటగాడు జేలన్ స్మిత్ మోకాలు దారుణంగా దెబ్బతింది. జట్లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి కొద్దిమందిలో పోవాల్సినవాడు 34వ స్థానానికి జారాడు. మన డాలస్ కౌబాయ్స్ తీసుకున్నారు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ 2016 డిసెంబరులోనే లూసియానా స్టేట్ (ఎల్ఎస్‌యూ) ఆటగాడు లెనార్డ్ ఫోర్నెట్, స్టాన్‌ఫర్డ్ ఆటగాడు క్రిస్టియన్ మెకాఫ్రీ తాము బౌల్ ఆడమని చెప్పేశారు. మెకాఫ్రీ మానుకున్నది ఎల్ పాసో సన్ బౌల్. అప్పట్లో పెద్ద దుమారం రేగింది. ఇప్పుడు అలాంటి ప్రకటన వస్తే ఎవరూ తల తిప్పి కూడా చూడరు. 2023లో ఫ్లోరిడా స్టేట్ పదమూడుకి పదమూడూ గెలిచి కూడా ప్లేఆఫ్‌కి ఎంపిక కాలేదు. ఆరెంజ్ బౌల్‌కి సగం జట్టు మానేసింది, జార్జియా చేతిలో 63–3. అది చిన్న బౌల్ కాదు, ప్రత్యర్థి చిన్నవాడూ కాదు. అయినా ఆ రాత్రి ఫ్లోరిడా స్టేట్ అభిమాని చూసింది తన జట్టు చొక్కాలు వేసుకున్న వేరే జట్టుని.

నేను ఇన్నేళ్ళుగా చూస్తూ అర్థం చేసుకున్నది ఇదే. ప్రత్యర్థి పేరు విని మూతి విరిచిన అభిమాని ఆట మొదలయ్యాక అంతా మరిచిపోతాడు. జట్టు సగం ఖాళీగా వచ్చినప్పుడు మాత్రం అతని మనసు విరిగిపోతుంది. జోడీ బాగాలేదని నిర్వాహకులు ఏటా తలలు పట్టుకుంటారు, స్పాన్సర్లని మారుస్తారు, బహుమతులు పెంచుతారు. పట్టించుకోవాల్సింది క్యాలెండర్ని. 2025 సీజన్‌కి పోర్టల్‌ని 2026 జనవరి 2 నుంచి 16కి మార్చారు. చాలా మంచి పని. కనీసం డిసెంబరు బౌల్స్ వరకు కుర్రాళ్ళ మీద ఆ ఒత్తిడి తగ్గింది. కోచ్‌ల వలస మాత్రం ఆగలేదు. 2025 డిసెంబరులో అయోవా స్టేట్, కాన్సస్ స్టేట్ కోచ్‌లు మారే హడావుడిలో బౌల్ వద్దన్నాయి, వాళ్ళ కాన్ఫరెన్స్ చెరో 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. పది ఆటలు గెలిచిన నోట్రడామ్ ప్లేఆఫ్ రాలేదన్న కోపంతో ఏ బౌలూ ఆడమంది. నోట్రడామ్ బాధ నాకు అర్థమవుతుంది. వాళ్ళ నిర్ణయంతో మాత్రం ఏకీభవించలేను. అక్కడ కూడా ఆఖరి ఆట కోసం చూసే నాలుగో ఏడు కుర్రాడు ఉంటాడు. వాడికి అన్యాయం చేసింది ప్లేఆఫ్ కమిటీ ఒక్కటే కాదు.

ఒకరు చీటీ పంపారు. "ఇన్ని బౌల్స్ అవసరమా? సగం తీసేస్తే పోదా?" అని అడిగారు. మంచి ప్రశ్న. డబ్బు విషయంలో అనుమానం న్యాయమే. 2011 ఫియెస్టా బౌల్‌కి కనెక్టికట్ విశ్వవిద్యాలయం 17,500 టికెట్లు తానే అమ్ముకునే బాధ్యత నెత్తిన వేసుకుని, చాలావరకు మిగిలిపోయి, లక్షల డాలర్లు నష్టపోయింది. అలాంటి ఒప్పందాలు పోవాలి, విశ్వవిద్యాలయం డబ్బంటే పిల్లల ఫీజులే. కానీ బౌల్స్ తీసేస్తే ముందు పోయేవి ష్రీవ్‌పోర్ట్ లాంటి ఊళ్ళు, మార్షల్, టెక్ లాంటి జట్లు. పన్నెండు జట్ల ప్లేఆఫ్ పెద్దవాళ్ళది, అది ఎలాగూ ఉంటుంది. ఆరు గెలిచిన జట్టుకి మిగిలింది ఇది ఒక్కటే. కాబట్టి నేను తీసేయమనను. కోచ్‌ల నియామకాలు కూడా బౌల్స్ అయ్యాకే జరగాలని కాన్ఫరెన్సులన్నీ కలిసి నియమం పెట్టుకోవాలంటాను. కష్టమే, ఎందుకంటే ఒక్కరు ముందు కదిలితే అందరూ కదులుతారు. అయినా పోర్టల్ తేదీలు మారవని కూడా రెండేళ్ళ కింద అనుకున్నాం, మారాయి.

మీలో ఫుట్‌బాల్ ఇష్టపడే పిల్లలున్నవాళ్ళకి ఒక మాట. పెద్ద ఆటల టికెట్లు ఒక కుటుంబం కొనే ధరలో ఉండవు. డిసెంబరులో ఫ్రిస్కోలో, ఫోర్ట్ వర్త్‌లో, డాలస్‌లో చిన్న బౌల్స్ జరుగుతాయి, టికెట్లు చవక, సీట్లు దగ్గరగా దొరుకుతాయి. రెండు జట్లలో ఏదో ఒకదాన్ని ముందే ఎంచుకుని, ఆ జట్టులో నాలుగో ఏడు కుర్రాళ్ళెవరో చూసుకుని తీసుకెళ్ళండి. ఆట అయ్యాక వెంటనే బయల్దేరకండి, ఒక పావుగంట కూర్చోండి, ఆ కుర్రాళ్ళు తల్లిదండ్రులని వెతుక్కుంటూ గోడ దగ్గరికి వస్తారు.

ఇంకా చీటీలు ఉన్నట్టున్నాయి, ఇవ్వండి, ఒక్కొక్కటే చూద్దాం.